కారణం అడగని జవాబు

"మనిషి చచ్చిపోవడానికి మూడు వారాల ముందే చచ్చిపోయినట్టు రాసిపెట్టింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి నీకు?" అంటూ మా బావ ఒక కాగితం నా ముందుకు తోశాడు.

బావ అంటే మా అక్క మొగుడు, ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. నేను చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే పని చేసి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినదాన్ని. పట్టుకుంటే వదలనని ఆ కంపెనీలో నాకు జలగ అని పేరు పెట్టారు. ఆ సంగతి మా అక్క నోరు జారి బావకి చెప్పింది. అప్పటినుంచీ నాకు వేరే పేరు లేదు.

కాగితం తీసి చూశాను. మా పేట క్లినిక్‌లోని కంప్యూటర్ నుంచి తీయించిన పేజీ అది. పైన లెక్కల టీచరమ్మ పేరు. రిటైరై చాలా కాలమైంది, గుండెకీ బీపీకీ మందులు వాడుతుంది. ఈ మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో కుప్పకూలిపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చేర్చిన గంటలోపే ప్రాణం పోయింది. పేజీలో మాత్రం మూడు వారాల కిందటి గురువారం, సాయంత్రం ఏడూ పదికి, ఆవిడ పేరు పక్కన "మరణించారు" అని ఉంది. నమోదు చేసినవారు అన్నచోట క్లినిక్ నర్సు పేరుంది.

దొంగ చావులు చాలా చూశాను గానీ, ముందుగా రాసిపెట్టిన చావుని చూడటం అదే మొదటిసారి.

"అదే రోజు సాయంత్రం టీచరమ్మ క్లినిక్‌లో నర్సుతో పెద్ద గొడవ పెట్టుకుంది. వినని వాళ్ళు లేరు," అన్నాడు బావ. "ఈ సోమవారం పొద్దున నర్సు ఆవిడ ఇంటికి వెళ్ళి సూది వేసింది. మంగళవారం ఆవిడ పోయింది. పోయే ముందు ఆసుపత్రిలో రక్తం తీస్తే అందులో పొటాషియం విపరీతంగా ఉంది. గుండె ఆగిపోయేంత. క్లినిక్ అలమారాలో ఆ మందు సీసాలు ఒకటి తక్కువున్నాయి. ఐదింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. నువ్వు ఇంటికెళ్ళి మీ అక్క చేతి కాఫీ తాగు."

"కాఫీ తర్వాత. ముందు నర్సుతో మాట్లాడనీ."

పొద్దున్నే నర్సు భర్త నా ఆఫీసు తలుపు కొట్టాడు. బస్సు కండక్టరు. ఒంటిమీద యూనిఫారమే ఉంది, డ్యూటీకి మాత్రం వెళ్ళలేదు. "మా ఆవిడ దోమని కొట్టడానికి కూడా ఆలోచిస్తుందమ్మా," అన్నాడు. హత్య కేసుల్లో అందరి భర్తలూ అదే అంటారు. అయినా వచ్చాను, ఎందుకంటే ఇద్దరు పిల్లలూ గుమ్మం బయట బడి సంచులతో నిలబడి ఉన్నారు. ఐదింటికి కోర్టు తలుపు దాటితే వాళ్ళమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

లోపలి గదిలో నర్సు బెంచీ చివర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. బావ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు, నేనేం అడుగుతానో వినడానికి.

"టీచరమ్మతో గొడవెందుకొచ్చింది?"

"పరిశోధన వాళ్ళు ఆవిడకి ఫోన్ చేశారమ్మా. మీకు గుండెజబ్బుందట కదా, కొత్త మందు మీద పరీక్షలు చేస్తున్నాం, చేరతారా అని. నా గుండె సంగతి ఊళ్ళోవాళ్ళకి ఎవరు చెప్పారని వచ్చి నన్ను దులిపేసింది."

"నువ్వే చెప్పావా?"

"కంప్యూటర్ చెప్తుందమ్మా. డాక్టర్‌గారు ఎవరి ఫైలు తెరిచినా అది లోపలంతా చదివేస్తుంది. వయసు, జబ్బు, వాడే మందులు. ఏదైనా పరిశోధనకి ఆ మనిషి సరిపోతారనిపిస్తే తెర మధ్యలో ఒక పెట్టె వస్తుంది, వీళ్ళని పిలవమంటారా అని. పిలవమంటే ఫోన్ నెంబరు వాళ్ళకి వెళ్ళిపోతుంది."

"ఆ పెట్టె నీ బల్ల మీద కంప్యూటర్లో కూడా వస్తుందా?"

"రాదు. డాక్టర్‌గారి గదిలోనే."

"చనిపోయారని పెట్టింది నువ్వేనా?"

"నాకు తెలియదమ్మా. ఒట్టు."

"మరి నీ పేరెలా పడింది?"

నర్సు బావ వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. నేను ఓపిగ్గా కూర్చున్నాను. జలగకి కావలసింది ఓపికే.

"పొద్దున్నే ఆయన గదిలో కంప్యూటర్ తెరిచేది నేనే," అంది చివరికి. "నా పాస్‌వర్డుతోనే. ఆయనది ఆయనకి గుర్తుండదు. మూడుసార్లు తప్పు కొడితే బిగుసుకుపోతుంది, పెద్ద ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలుకోవాలి. బయట అరవై మంది కూర్చునుంటారు. అందుకని సాయంత్రం దాకా ఆయన నా పేరు మీదే పనిచేస్తారు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పలేదా?"

"పాస్‌వర్డు ఇంకొకళ్ళకిస్తే ఉద్యోగం తీసేస్తామని సంతకం పెట్టించుకున్నారమ్మా."

"హత్య చేశావని తేలితే ఉద్యోగం ఉంచుతారనుకున్నావా?"

ఆ మాటకి ఆవిడ మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. భయపడ్డ మనిషికి పెద్ద గొయ్యి కంటే చిన్న గొయ్యే ముందు కనిపిస్తుంది.

"ఆ గురువారం ఏడూ పదికి ఎక్కడున్నావు?"

"వెనక గదిలో. తాపీమేస్త్రీ ఒకతను కాలు కోసుకుని వచ్చాడు. కుట్లు వేసి కట్టు కట్టేసరికి చాలాసేపు పట్టింది. టీచరమ్మ నన్ను తిట్టి డాక్టర్‌గారి గదిలోకి వెళ్ళాక నేను మళ్ళీ అటు వెళ్ళలేదు."

"మందు సీసా ఒకటి తగ్గిందట."

"పోయిన నెలలో చేజారి పగిలింది. డాక్టర్‌గారికి అప్పుడే చెప్పాను. సోమవారం నేను వేసింది వారం వారం వేసే విటమిన్ సూదే."

"టీచరమ్మకి ఈమధ్య రక్తపరీక్ష ఏమైనా చేశారా?"

"శనివారం నేనే తీసి ల్యాబుకి పంపాను. రిజల్టు రాలేదు. ప్రమాదమైన రిజల్టయితే డాక్టర్‌గారి తెర మీద ఎర్రగా వచ్చి, ఎవరో ఒకరు చూసేదాకా మోగుతూనే ఉంటుంది. మోగలేదు. మోగలేదంటే బాగానే ఉందనుకున్నాం."

బయటికి రాగానే బావ అందుకున్నాడు. "ఏం తేలింది? డాక్టర్ మీదకి తోస్తోంది. అందరూ చేసేదే."

"బావా, పొటాషియం నరంలోకి ఎక్కిస్తే మనిషి అక్కడికక్కడే పోతుంది. సూది పడింది సోమవారం పొద్దున. సోమవారం సాయంత్రం టీచరమ్మ ఎదురింటి పిల్లలకి భిన్నాలు చెప్పింది. మంగళవారం పొద్దున చెత్తబుట్ట గురించి పక్కింటావిడతో పోట్లాడింది. మీ వాళ్ళు రాసుకున్న సాక్ష్యాల్లోనే ఉందిది. చదివావా?"

"నెమ్మదిగా పనిచేసే రకం మందేమో."

"నెమ్మదిగా పనిచేసేది మందు కాదు."

బావ మీసం ఒకసారి కదిలింది. పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నాడు.

"డాక్టర్ గది సీలు తియ్యి," అన్నాను. "నీ ఎదురుగానే చూస్తాను. ఏమీ దొరక్కపోతే నీ కేసు జోలికి ఇక రాను."

"మాట మీద ఉంటావా?"

"నేనెప్పుడు మాట తప్పాను?"

"మా పెళ్ళిలో నా బూట్లు దాచి, ఇచ్చేస్తానని ఇవ్వలేదు," అని తాళాలు తీసుకున్నాడు.

దారిలో జీపులోంచే తాపీమేస్త్రీకి ఫోన్ చేశాను. ఆ సాయంత్రం అతనికి బాగా గుర్తుంది. లోపలి నుంచి టీచరమ్మ డాక్టరు మీద అరుస్తున్న మాటలు వినిపిస్తుంటే నొప్పి మర్చిపోయి విన్నాడట. నర్సు అతని కాలు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. బావ రోడ్డు వైపే చూస్తూ ఆ మాటలన్నీ విన్నాడు.

క్లినిక్‌లో డాక్టరు ముందు గదిలో, నర్సు బల్ల దగ్గరే రోగుల్ని చూస్తున్నాడు. బుధవారం మధ్యాహ్నం బావ ఆయన గదికి సీలు వేసినప్పటినుంచీ అదే ఏర్పాటు. మంచి పేరున్న మనిషి. ఈ పేటలో సగం మందికి నాడి చూసింది ఆయనే, నా షుగరు పట్టుకున్నదీ ఆయనే. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆ గురువారం నేను తొందరగానే వెళ్ళిపోయాను మేడమ్. ఏడింటికే," అన్నాడు.

నేనింకా ఏమీ అడగలేదు. నేను నోరు తెరిచింది మంచినీళ్ళు అడగడానికి. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చేతులు రెండూ తెల్లకోటు మీద అటూ ఇటూ తిరిగాయి.

"ఏడూ పదికి మీరు టీచరమ్మతో మాట్లాడుతుంటే విన్న మనిషి ఉన్నాడు డాక్టర్‌గారూ. పదండి, మీ గదిలో కూర్చుందాం."

బావ సీలు తీశాడు. రెండు రోజులుగా మూసి ఉన్న గదిలో మందుల వాసన చిక్కగా ఉంది. ఒక బల్ల, డాక్టరు కుర్చీ, రోగి కుర్చీ, పరీక్ష మంచం. బుధవారం నర్సు పాస్‌వర్డుతో తెరిచిన కంప్యూటర్ తెరిచినట్టే ఉంది, దాని తెర డాక్టరు వైపు తిరిగి ఉంది. రోగి కూర్చునే చోటునుంచి దాని వీపు తప్ప ఏమీ కనబడదు. మౌసు కింది రబ్బరు చాప ఒక్కచోట, కుడివైపు కింది మూల, అరిగి తెల్లబడింది. మిగతా అంతా కొత్తదానిలాగే ఉంది.

దాన్ని బావకి చూపించాను.

"ఇదేం సాక్ష్యం? చాప అరిగితే హత్యా?"

"ఆగు బావా. డాక్టర్‌గారూ, ఎలాగూ వచ్చాను కదా, నా ఫైలు ఒకసారి తెరవండి. వారం రోజులుగా ఒకటే నీరసం."

అబద్ధమే. డాక్టరు నా మొహంలోకి చూసి, ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూర్చున్నాడు. రోగి ఎదురుగా ఉంటే ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది. నేను వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. బావ పక్కన నిలబడ్డాడు. ఆయన నా పేరు కొట్టాడు, ఫైలు తెరుచుకుంది.

"తిండి వేళకి తింటున్నారా?" అని నా వైపు తల తిప్పి అడిగాడు.

సరిగ్గా అప్పుడే తెర మధ్యలో ఒక పసుప్పచ్చ పెట్టె వచ్చింది. పైన ఏదో షుగరు పరిశోధన గురించి రాసుంది. అది చదివే వ్యవధి నాకు దొరకలేదు. ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తనకు తానే కదిలింది. మౌసు కుడివైపు కింది మూలకి జారింది, వేలు రెండుసార్లు టకటకమంది, పెట్టె మాయమైంది. ఈగని తోలుకున్నట్టు జరిగిపోయింది.

"తింటున్నాను," అన్నాను. "ఇప్పుడు మీరేం నొక్కారు?"

"ఎక్కడ?"

"ఆ పెట్టెలో."

"ఏ పెట్టె?"

ఆయన నటించడం లేదు. పదిహేనేళ్ళు నటించేవాళ్ళ మొహాలే చూసినదాన్ని, ఆ తేడా నాకు తెలుసు. చెయ్యేం చేసిందో ఆయనకి నిజంగా తెలియదు.

"నా ఫైలు మూసి మళ్ళీ తెరవండి."

తెరిచాడు. ఈసారి పెట్టె రాలేదు. ఫైలు పై అంచున మాత్రం సన్నటి బూడిదరంగు గీత ఒకటి కొత్తగా కనిపించింది. దానిమీద అక్షరాలు ఎంత చిన్నవంటే బావ కళ్ళజోడు సర్దుకుని వంగాల్సొచ్చింది.

"మరణించారు," అని చదివాడు. ఆ తర్వాత నిటారుగా నిలబడి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

నేను బతికే ఉన్నాను. అయినా మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాను.

డాక్టరు ఆ గీతని వేలితో తడిమి చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. "రోజుకి అరవై డెబ్భై మందిని చూస్తాను మేడమ్. ప్రతి ఇద్దరిలో ఒకరికి ఈ పెట్టె వస్తుంది. పిలవండి అంటే ఆ పరిశోధనది మళ్ళీ రాదు, ఇంకోదానిది వస్తుంది. పైగా పరిశోధన వాళ్ళు ఇంటికి ఫోన్లు చేసి పీక్కుతింటారు, జనం వచ్చి నన్ను తిడతారు. తర్వాత చూద్దాం అంటే మర్నాడు మళ్ళీ వస్తుంది. వద్దు అంటే ఎందుకు వద్దో కారణం చెప్పమంటుంది. ఇష్టం లేదు అంటే ఎందుకిష్టం లేదో నాలుగు వాక్యాలు రాయమంటుంది. వేరే జబ్బుందంటే ఆ జబ్బు వివరాలన్నీ నింపమంటుంది. ఊరు మారారంటే కొత్త చిరునామా అడుగుతుంది."

"చనిపోయారంటే?"

"ఏమీ అడగదు."

"మళ్ళీ వస్తుందా?"

"రాదు. ఎప్పటికీ రాదు." ఆయన గొంతు తగ్గిపోయింది. "అది పరిశోధన వాళ్ళ పెట్టె కదా, వాళ్ళ లెక్కలో చచ్చిపోతే మన పేషెంటుకేం నష్టమనుకున్నాను. ఈ పని చేసే డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఒకరికొకరం చెప్పుకున్నాం కూడా."

బావ తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అయితే ఇది దొంగ చావేగా. దీనికీ టీచరమ్మ అసలు చావుకీ సంబంధమేంటి?"

మంచి ప్రశ్నే అడిగాడు. మా బావ తొందరపాటు మనిషే గానీ మొద్దు కాదు.

ఆ పెట్టెలు పంపే పరిశోధన కేంద్రం నెంబరు డాక్టరు సెల్లులో ఉంది. చేయించి స్పీకరు పెట్టించాను. క్లినిక్‌ల వ్యవహారం చూసే ఆవిడ ఎత్తింది.

"మీ క్లినిక్ నుంచా? చెప్పండి. మేమే చేద్దామనుకుంటున్నాం. ఈ ఆరు నెలల్లో మీ దగ్గర చాలామంది పోయారు పాపం. అక్కడేమైనా జబ్బు ప్రబలిందా అని మా మీటింగులో కూడా అనుకున్నాం."

"అనుకుని ఏం చేశారు?" అన్నాను.

"పోయినవాళ్ళ ఇళ్ళకి పొరపాటున కూడా ఫోన్లు వెళ్ళకూడదని గట్టిగా జాగ్రత్త తీసుకున్నాం మేడమ్. బాధలో ఉన్న కుటుంబాలు కదా. రెండు వారాల కిందట మా ప్రోగ్రామునీ క్లినిక్ ప్రోగ్రామునీ కలిపేశాం. ఇప్పుడు మా దగ్గర చనిపోయారని ఉంటే క్లినిక్‌లో కూడా అలాగే పడుతుంది. మందుల గుర్తుచేతలు ఆగిపోతాయి, ఫోన్లు ఆగిపోతాయి, ల్యాబు రిజల్టులు మోగవు. నేరుగా మూసిన పెట్టెలోకి వెళ్ళిపోతాయి. కలిపేముందు అందరికీ మెయిలు కూడా పంపాం. చదివే ఉంటారు."

డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. చదవలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాను. రెండు వారాల కిందట, ఒకే రోజు, ఈ పేటలో కూరలు తరుక్కుంటూ, బడులకి వెళ్తూ, బస్సులు నడుపుతూ ఉన్న ఎంతోమంది ఈ యంత్రం దృష్టిలో చచ్చిపోయారు. వాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

"మూసిన పెట్టె తెరవండి," అన్నాను. "టీచరమ్మది."

డాక్టరు చెయ్యి మౌసు మీదకి వెళ్ళి ఆగింది. "అది పోలీసు సాక్ష్యం కదా. ముట్టుకోవచ్చో లేదో."

"నేను చెప్తున్నాను, తెరవండి," అన్నాడు బావ.

టీచరమ్మ రక్తపరీక్ష అక్కడే ఉంది. శనివారం సాయంత్రమే వచ్చింది. పొటాషియం ఎదురుగా ఎర్రటి అంకె, దాని పక్కన "వెంటనే రోగిని ఆసుపత్రికి పంపండి" అన్న హెచ్చరిక. నర్సు సూది వేయడానికి రెండు రోజుల ముందే ఆ విషం ఆవిడ ఒంట్లో ఉంది. బీపీ మాత్రలూ గుండె మాత్రలూ కలిసి, మూత్రపిండాలు మెల్లగా మొరాయించి, లోపలే పేరుకుపోయింది. హంతకుడెవరూ లేరు. ఈ హెచ్చరిక ఇదే గదిలో మోగి ఉంటే ఆవిడ ఈపాటికి ఎవరో పిల్లాణ్ణి ఎక్కాలు అప్పజెప్పమంటూ ఉండేది.

అడుగున ఇంకో చిన్న వరుస ఉంది. దాన్ని చదివింది నేను కాదు, బావ.

"మొదటిసారి తెరిచింది బుధవారం, ఉదయం ఎనిమిదీ ఇరవై." బావ కళ్ళజోడు తీశాడు. "నేను ఇక్కడికొచ్చింది బుధవారం మధ్యాహ్నం. అంటే నేను వచ్చేసరికే నీకు తెలుసు."

అప్పటిదాకా డాక్టరుగారు, మీరు అన్న మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగాడు.

"టీచరమ్మ పోయిందని తెలిసి, ఏమైందో చూద్దామని తెరిచాను సార్. చూశాక... భయమేసింది."

"సీసా పగిలిందని కూడా నీకు తెలుసు. ఆ అమ్మాయిని నిన్న సాయంత్రం నీ కళ్ళముందే తీసుకెళ్ళాను."

"ఏ తప్పూ చెయ్యలేదు కాబట్టి వదిలేస్తారనుకున్నాను."

పన్నెండేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన మనిషి గురించి అన్న మాట అది. బావ మొహం నల్లబడింది. ఆయన చెంప పగలగొడతాడేమో అనుకున్నాను. అలా చెయ్యకుండా ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "నర్సుని కోర్టుకి పంపొద్దు. కాగితాలు నేను వచ్చి చూస్తాను. ముందు ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి రండి. జీపులోనే దింపండి, నడిపించకండి." తర్వాత నా వైపు చూడకుండానే, "సరే, నువ్వు చెప్పిందే నిజమైంది," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన నాతో అలా అనడం అదే మొదలు.

నాకు సంతోషించడానికి తీరిక లేదు. బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది.

"డాక్టర్‌గారూ, మొత్తం ఎంతమందిని ఇలా చేశారు?"

"ఇందులో నాలుగు వందల ముప్పై పేర్లున్నాయి. మీరు కాకుండా."

"వాళ్ళలో ఈ రెండు వారాల్లో ఎవరికైనా ప్రమాదమైన రిజల్టు వచ్చిందా?"

ఆయన మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బుధవారం పొద్దున టీచరమ్మది చూసినప్పుడు మిగతావాళ్ళవి చూశారా?"

"లేదు."

"ఎందుకు?"

ఆయన ఏడుస్తున్నాడు. శబ్దం లేకుండా, ముక్కు కూడా తుడుచుకోకుండా. "తెరిస్తే తెరిచిన టైము పడుతుంది మేడమ్. చూశాక వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. చేస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అంతా బయటపడుతుంది. చూడకపోతే నాకు తెలియనట్టే కదా అనుకున్నాను. మధ్యాహ్నం సార్ వచ్చి గదికి సీలు వేస్తుంటే, నిజం చెప్తున్నాను, హమ్మయ్య అనిపించింది."

సొంత కొట్టు తగలబెట్టుకున్నవాళ్ళనీ, తండ్రి శవం చేత వేలిముద్ర వేయించినవాళ్ళనీ చూశాను. ఇలాంటి హమ్మయ్య మాత్రం ఎక్కడా వినలేదు. ఈయన చెయ్యే నా నాడి పట్టుకుంది.

సీలు వేసిన చేతుల్ని బావ ఒకసారి చూసుకున్నాడు. "తెరువు," అన్నాడు. "అందరివీ."

డాక్టరు తెరిచాడు. వరుసగా పేర్లు వచ్చాయి. చాలావాటి పక్కన ఏమీ లేదు. ఎర్ర గుర్తు పడినవి నాలుగే, అందులో ఒకటి టీచరమ్మది. మిగతావాటిలో మొదటిది సైకిల్ రిపేరు చేసే ముసలాయన, షుగరు బాగా పడిపోతోంది. నేను నెంబరు కొట్టాను, ఆయనే ఎత్తాడు, వెంటనే ఏదైనా తీపి తిని ఆసుపత్రికి వెళ్ళమన్నాను. ఎవరమ్మా నువ్వు అన్నాడు. తర్వాత చెప్తానన్నాను. రెండోది ఒక బాలింత, ఒంట్లో రక్తం సగానికి సగం లేదు. వాళ్ళత్తగారు ఫోనెత్తి, ఆటో పిలుస్తున్నాం అంది. నాకు కొంచెం ఊపిరాడింది. ఇంకా ఆలస్యం కాలేదనిపించింది.

మూడో పేరు దగ్గర డాక్టరు చదవడం ఆపేశాడు. నేను వంగి చూశాను.

మా అక్క పేరు.

బీపీ మాత్రలు వాడే మనిషి. రక్తం ఇచ్చినట్టు నాకే తెలియదు, బావకీ తెలియదని ఆయన మొహమే చెప్పింది. రిజల్టు వచ్చింది నిన్న పొద్దున. గది తలుపుకి సీలున్నప్పుడు. పొటాషియం ఎదురుగా ఉన్న ఎర్ర అంకె టీచరమ్మ అంకె కంటే పెద్దది.

బావ రెండుసార్లు నెంబరు తప్పు నొక్కాడు. ఫోన్ లాక్కుని నేనే చేసి స్పీకరు పెట్టాను. మూడోసారి మోగాక ఎత్తింది.

"ఏంటండీ, ఈవేళప్పుడు ఫోను?"

"ఎలా ఉన్నావు?" అన్నాడు బావ.

డ్యూటీ మధ్యలో ఆ మాట ఆయన అక్కని ఎన్నడూ అడిగి ఉండడు. "ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"నీకెలా ఉందే?"

"నాకేం? పొద్దుట్నుంచీ కాళ్ళల్లో సత్తువ లేదు, అంతే. పిల్లలు వచ్చేదాకా కాస్త నడుం వాలుద్దామని తలుపేసి పడుకున్నా. గుండె కూడా ఏదో దడదడమంటోంది. గాలాడక అనుకుంటా."

బావ అప్పటికే తలుపు దాటేశాడు. బయట జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఇల్లు ఇక్కడికి దూరం లేదు. లోపల గడియ వేసుంటే ఎంత దగ్గరైనా ఏం లాభం? నా బుర్రకి తోచింది అదొక్కటే.

"అక్కా, నేనే. ముందు లేచి తలుపు గడియ తీసెయ్. బావ వస్తున్నాడు."

"ఏంటే ఆ గొంతు? సరే, తీస్తున్నాలే."

డాక్టరు కుర్చీ వెనక్కి పడేంత జోరుగా లేచాడు. "వద్దు మేడమ్, లేవనివ్వకండి. ఆ అంకెతో ఆవిడ అడుగు వెయ్యకూడదు. పడుకునే ఉండమనండి."

"అక్కా, లేవకు. అక్కా, పడుకో," అని అరిచాను.

ఫోన్ మంచం మీద పెట్టి వెళ్ళినట్టుంది. నా మాట వినే మనిషి అక్కడ లేదు. చెప్పులు నేలమీద ఈడుస్తున్న చప్పుడు కొంచెం దూరం దాకా వినిపించి ఆగిపోయింది. చెవికి ఆనించి పట్టుకున్నాను. డాక్టరు నా మొహం చూస్తున్నాడు. గడియ తీసిన చప్పుడు మాత్రం రాలేదు.